రేకుల కుండ కింద మంట

గురువమ్మను ఏదైనా సలహా అడగాలంటే ఆ గోదావరి లంకల్లో వాళ్ళకి కాస్త జంకే. అడిగిన చోట ఆవిడ జవాబు చెప్పదు. విని ఊరుకుంటుంది. ఆ తర్వాత ఓ రోజు చెప్పాపెట్టకుండా అడిగినవాళ్ళ ఇంటికి వచ్చి, వాళ్ళు చేసుకుంటున్న పనిలో తనూ ఒక చెయ్యి వేస్తుంది. ఆ చెయ్యి పడ్డాక పని చెడకుండా ఉండదు. కొబ్బరితాడు పేనేవాడి తాడు విడిపోయింది, బుట్టలల్లే ఆవిడ బుట్ట వంకరపోయింది. అయినా అడిగేవాళ్ళు అడుగుతూనే ఉండేవారు. ఎందుకో మరి.

నూకరత్నం కూడా అలాగే అడిగింది. ఆవిడ పూతరేకులు తీసే మనిషి. పొయ్యి మీద బోర్లించిన కుండ ముందు పీట వేసుకుని, పల్చటి పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క లాగు లాగి, ఉల్లిపొరలాంటి రేకును ఎత్తి పక్కన పెట్టాలి. విరిగిన రేకుల్ని నెయ్యీ బెల్లం అద్ది నోట్లో వేసుకోవడం కూడా ఆ పనిలో భాగమే అనుకుంది చాలా ఏళ్ళు. ఒళ్ళు పెరిగింది. మోకాళ్ళు పీట మీద నుంచి లేవనివ్వలేదు. ఒకసారి కార్తీకమాసమంతా కడుపు మాడ్చుకుని తగ్గింది. తగ్గానన్న సంబరంతో అవతలి లంకలో ఉన్న అక్క వరహాలమ్మ దగ్గరికి వెళ్ళి, అక్కడే ఉండిపోయి, పోయిందంతా తెచ్చుకుంది, దాని మీద ఇంకాస్త కూడా.

అక్క చెయ్యి అలాంటిది. తల్లి పోయాక నూకరత్నానికి అన్నం కలిపి పెట్టి పెంచింది ఆ చెయ్యే. నెయ్యి కారే ముద్ద చేసి నోటి దగ్గర పెట్టి, "ఇదొక్కటే" అంటుంది. ఆ ఒక్కటికి ఎప్పుడూ ఆఖరు ఉండదు.

అందుకని రెండోసారి నెమ్మదిగా తగ్గింది. పెద్ద కంచం అటకెక్కించి చిన్న కంచం పెట్టుకుంది, విరిగిన రేకులు కోళ్ళకి వేసింది, పొద్దున్నే ఏటిగట్టు మీద నడిచింది. ఏడాది తిరిగింది, రెండో ఏడాదీ సగం గడిచింది. బియ్యం మరకి వెళ్ళినప్పుడల్లా అక్కడి కాటా ఎక్కి చూసుకునేది. "పిన్నీ, ఇదివరకు నువ్వెక్కితే కాటా మూలిగేది. ఇప్పుడు నీకంటే బస్తాయే దొడ్డు" అని మరవాడు నవ్వేవాడు. ఆవిడా నవ్వేది. కానీ అన్నాళ్ళూ అక్క గడప తొక్కలేదు. పండక్కి రమ్మంటే ఒంట్లో బాలేదంది. పెళ్ళికి రమ్మంటే పనుందంది. చివరికి వరహాలమ్మ రేవు దాటే మనిషితో కబురంపింది: "మా ఇంటి అన్నం దానికి చేదైపోయిందేమో అడుగు. నాకు చూపు కూడా ఆనడం లేదు. అది చిక్కిపోయిందంటున్నారు. చేత్తో తడిమైనా చూసుకుంటాను, రమ్మను."

ఆ మాట విన్నప్పటి నుంచి నూకరత్నానికి అన్నం తింటున్నట్టే లేదు. సాయంత్రాలు ఏటి అవతల పొగ లేస్తే, అది అక్క పొయ్యేమోనని చూస్తూ నిలబడేది. ఆ బెంగతోనే గురువమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అమ్మగారండీ, తగ్గాల్సినంతా తగ్గానండి. డాక్టరమ్మ కూడా ఇంక చాలు, ఇలాగే ఉండమందండి. మరి ఇంక ఈ చిన్న కంచం, ఈ నడకా వదిలెయ్యొచ్చాండి? అక్క దగ్గరికెళ్ళి, పూర్వంలాగా, ఏమీ చూసుకోకుండా కూర్చుని తినాలనుందండి."

గురువమ్మ విని ఊరుకుంది.

తర్వాత ఒక ఉదయం రానే వచ్చింది. ఆ రోజు పెళ్ళివారికి రేకులు తియ్యాలి. గురువమ్మ పొయ్యి పక్కన గొంతుక్కూర్చుని, "నువ్వు రేకులు తియ్యి, మంట నేను చూస్తా" అంది. ఎండు కొబ్బరాకు ఒక్కొక్కటే అందిస్తూ కాసేపు బాగానే చూసింది. కుండ సరిగ్గా కాగింది. గుడ్డ లాగితే రేకు తనంతట తనే లేచింది.

"కాగిందా?" అంది గురువమ్మ.

"కాగిందండి. ఇదేనండి పదును" అంది నూకరత్నం సంతోషంగా.

"అయితే అయిపోయినట్టేగా" అని గురువమ్మ మండే ఆకులన్నీ బయటికి లాగేసి, చేతులు దులుపుకుని, ఏటికేసి చూస్తూ కూర్చుంది.

రేకులు ఒకటో రెండో లేచాయి. ఆ తర్వాతది కుండకి పట్టుకుంది. గోరుతో గీకినా రాలేదు. "అయ్యో, చల్లారిపోతోందండి, ఆకెయ్యండి" అంది నూకరత్నం. "వేస్తే సరి" అని గురువమ్మ కట్టకి కట్ట పొయ్యిలో కుక్కింది. భగ్గుమంది. పిండి పడీ పడగానే మాడి, నల్లగా చిట్లింది. నూకరత్నం తను ఎవరితో మాట్లాడుతున్నదీ మరిచిపోయింది.

"అదేం చోద్యమమ్మా! కాగిందని మంట తీసేస్తారా ఎవరైనా? చల్లారిందని కట్ట దోపేస్తారా? కాగబెట్టడం ఎంతసేపు, చేతకాని పిల్లయినా కాగబెడుతుంది. రేకు తీసినంతసేపూ ఆకూ ఆకూ అందిస్తూ, ఆ పదును పోకుండా పట్టుకుని కూర్చోవడమే కదా..."

అక్కడ ఆగిపోయింది. పక్కన బెల్లం తురుముతున్న కోడలు కూడా చెయ్యి ఆపి, అత్తకేసీ గురువమ్మకేసీ చూసింది. గురువమ్మ ఏమీ ఎరగనట్టు మసి చేతుల్ని కొంగుకి తుడుచుకుంటోంది.

నూకరత్నం కుండ శుభ్రంగా తుడిచి, కింద ఆకొకటి పెట్టింది. అది కాలాక ఇంకొకటి. చాలాసేపటికి గాని రేకు లేవలేదు. లేచిన రేకును అరచేతుల మీద పట్టుకుంటే, దాని అవతలి వెలుగు కనబడుతోంది. చూస్తుండగానే ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"అయితే ఇంక ఎప్పటికీ ఇంతేనాండి" అంది నెమ్మదిగా. "బతికున్నన్నాళ్ళూ ఆకూ ఆకూనేనా? సరేనండి, అది నా పాట్లు నేను పడతాను. మరి మా అక్కో? చూపు ఆనని మనిషి ముద్ద పట్టుకుని కూర్చుంటే వద్దని ఎలా అననండి? వెళ్ళకుండా ఎలా ఉండనండి?"

గురువమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. "వెళ్ళొద్దని ఎవరన్నారు? రేపే రేవు దాటు" అంది. గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"మొదటి ముద్ద అక్క చేత తిను. రెండోది నువ్వు కలిపి ఆవిడకి పెట్టు. ఆవిడకి అలా పెట్టినవాళ్ళు ఎవరున్నారు, రత్నం?"