వేటకుక్కలకు వేసవి సెలవు

ఎర్రకొండల అంచున చిప్పలదొడ్డి అనే పల్లెలో గాదిలింగప్ప అనే వేటగాడు ఉండేవాడు. పనిలో చెయ్యి తిరిగినవాడే గానీ, తన కుక్కల్ని ఎవరైనా నాలుగు మాటలు పొగిడితే చాలు, అడిగిన పని కాదనలేకపోయేవాడు.

అతని దగ్గర ఐదు వేటకుక్కలు ఉండేవి. గంగి, పులిగాడు, నల్లోడు, చుక్కి, ఎర్రోడు. అన్నీ సన్నని నడుము, పొడుగు కాళ్ల నాటు కుక్కలే. వాటన్నిటికీ ముందుండేది గంగి. పంది వాసన తగిలితే అది మొరిగేది కాదు. తోక నిలబెట్టి ఒక్కసారి వెనక్కి చూసేది. మిగతా నాలుగూ ఆ చూపు అందుకుని రెండు పక్కలకూ విడిపోయేవి. చుట్టుపక్కల ఏ ఊళ్లో అడవిపందులు చేల మీద పడినా గాదిలింగప్పకే కబురు వచ్చేది. కుక్కలు మందను కొండ దాటించేదాకా రైతులు గట్ల మీద నిలబడి చూసేవాళ్లు. "కుక్కలంటే ఇవీ!" అనేవాళ్లు. ఆ మాట వింటే గాదిలింగప్పకు ఆ పూట అన్నం అక్కర్లేకపోయేది.

ఒక ఏడు ఉగాది వెళ్లిన మూడు వారాలకు పక్క ఊరి పెద్ద మద్దిలేటి రెడ్డి తన చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఏమప్పా గాదిలింగా, మావాళ్లు నీ కుక్కల పేరు విని అంత దూరం నుంచి వచ్చినారు. ఒక్క పూట వేట చూపించు. ఇట్లాంటి కుక్కలు ఈ తాలూకాలో ఇంకెవరికున్నాయి చెప్పు?" అన్నాడు.

అప్పటికే పొద్దు నడినెత్తికి వస్తోంది. బండల మీద కాలు పెట్టలేనంత వేడి. పైగా వారం రోజులుగా కుక్కలకు ఒక్క పూట తెరిపి లేదు. గాదిలింగప్ప భార్య ఉరుకుందమ్మ గడప దాటి వచ్చింది.

"ఈ ఎండలో వద్దు. పొద్దు వాలినాక పోదువులే," అంది.

"నా కుక్కలకు ఎండేంది, వానేంది!" అన్నాడు గాదిలింగప్ప. చుట్టాలకు వినబడాలని గొంతు కాస్త పెంచాడు కూడా.

కొండ కింద వానాకాలంలో పారే రాళ్ల వంకలో గంగి పంది అడుగు పట్టింది. ఐదూ పరుగందుకున్నాయి. వంక మలుపు దాకా బాణాల్లా వెళ్లాయి. అక్కడ గంగి ఉన్నట్టుండి ఆగింది. రెండడుగులు పక్కకు తూలి, వేడి ఇసుకలో కూలబడింది. గాదిలింగప్ప పరుగున వెళ్లి చూస్తే దాని చిగుళ్లు నెత్తురులా ఎర్రగా ఉన్నాయి. డొక్కలు కొలిమి తిత్తుల్లా ఎగిసిపడుతున్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ అతన్ని గుర్తుపట్టినట్టు లేవు.

"ఇంతేనా?" అన్నాడు వెనక నుంచి ఒక చుట్టం.

గాదిలింగప్ప గంగిని రెండు చేతుల మీద ఎత్తుకుని ఇంటి దాకా పరుగెత్తాడు.

ఉరుకుందమ్మ దాన్ని చింతచెట్టు నీడలో పడుకోబెట్టింది. తన చీర తడిపి పొట్ట మీద, తొడల మధ్య వేసింది. దానికి తెలివి వచ్చాక వేలితో చుక్క చుక్కగా నీళ్లు నాకించింది. పొద్దు కుంకే వేళకు గంగి తల ఎత్తింది. అప్పుడు ఉరుకుందమ్మ మిగతా నాలుగు కుక్కల కాళ్లు కూడా తిప్పి చూసింది. ఒక్కదాని పాదం కూడా సరిగ్గా లేదు. పాదాల కింది మెత్తలు కాలి, పొక్కులెక్కి, పగిలి ఉన్నాయి.

"ఇది నీ దగ్గర ఎన్నేళ్ల నుంచి పని చేస్తా ఉంది?" అని అడిగింది.

"ఆరేళ్లు."

"ఈ ఆరేళ్లలో ఒక్కనాడైనా నాకు చేత కాదని అనిందా? అనదు. దానికి ఆ మాట రాదు. దాని తరఫున ఆ మాట నువ్వు అనాల."

గాదిలింగప్ప తల వంచుకుని గంగి చెవి నిమిరాడు. తొలకరి వాన పడేదాకా కుక్కల్ని వేటకు తీసుకెళ్లనని అప్పుడే భార్యకు మాట ఇచ్చాడు.

కానీ విశ్రాంతి ఎలా ఇవ్వాలో కూడా అతనికి తెలియలేదు. ఐదింటినీ పాకలో కట్టేశాడు. చేసిన తప్పు దిద్దుకున్నట్టుగా మూడు పూటలా జొన్న సంకటి, మాంసం ముక్కలు పెట్టాడు. పదిహేను రోజులకు పులిగాడికి కొవ్వు పట్టి పొట్ట వేలాడింది. ఎర్రోడూ నల్లోడూ కట్టుతాళ్లు కొరుక్కుని కొట్లాడుకున్నాయి. చుక్కి ఊరికే ఏడుపు ఎత్తుకునేది.

"సెలవిమ్మంటే జైల్లో పెట్టినావే!" అని ఉరుకుందమ్మ నవ్వింది.

మర్నాటి నుంచి పద్ధతి మార్చింది. ఎండ ముదరకముందే ఐదింటినీ వంక వెంబడి మెల్లగా నడిపించేది. వంకలో ఎండకుండా మిగిలిన మడుగులో ఈదనిచ్చేది. ఇంటికి వచ్చాక వేపాకు వేసి కాచిన నీళ్లతో పాదాలు కడిగి ఆముదం రాసేది. పగలంతా నీడన నిద్ర. తిండి తగ్గించి పలచటి మజ్జిగ పోసేది. నెల తిరిగేసరికి పొక్కులు మాని మెత్తలు తోలులా గట్టిపడ్డాయి. గంగి మడుగు ఒడ్డున పిల్లకుక్కలా గెంతడం మొదలుపెట్టింది.

ఆ పద్ధతి మొదలైన వారానికే రెడ్డి మళ్లీ వచ్చాడు. ఈసారి ఇంకా పెద్ద చుట్టాలు.

"నీ కుక్కలు సింహాలప్పా! అవి లేకపోతే నాకు నలుగురిలో పరువు దక్కదు," అన్నాడు.

గాదిలింగప్పకు గుండెలో గిలిగింత మొదలైంది. నాలుక చివరిదాకా వచ్చిన "సరే"ను కష్టం మీద మింగాడు. "తొలకరి పడనీయండి రెడ్డిగారూ. అంతదాకా రాను," అన్నాడు. అతని జీవితంలో పొగడ్తకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

రెడ్డి ముఖం ఎర్రబడింది. "అయితే నీ సింహాలు పిల్లులైనట్టే!" అని వెళ్లిపోయాడు. ఎక్కడి నుంచో నాలుగు వేటకుక్కల్ని తెప్పించుకుని మిగిలిన వేసవంతా రోజూ కొండ మీదికి తోలించాడు. కుందేళ్లు, పందులు, ఏది దొరికితే అది. ఆ కుక్కల అరుపులు కొండ మీద నుంచి చిప్పలదొడ్డి దాకా వినబడేవి. నీడలో పడుకున్న గంగి చెవులు నిక్కబొడిచేది. గాదిలింగప్ప చెవులూ అటే ఉండేవి. ఊళ్లోవాళ్లు అతన్ని చూసి, "కుక్కలు పని మరిచిపోయుంటాయిలే," అని నవ్వుకునేవాళ్లు. నిజంగానే మరిచిపోయాయేమోనని అతనికీ లోపల భయంగానే ఉండేది.

మృగశిర కార్తెలో మంచి వాన పడింది. రైతులు వేరుశనగ విత్తనం వేశారు. మూడో రోజే, తెల్లవారుతూనే ఒక ముదురు మగపంది కొండ దిగింది. సాలు వెంబడి మూతితో దున్నుకుంటూ విత్తనం తింటూ పోయింది. రెడ్డి చేలో దాన్ని అదిలించబోయిన పాలేరు కాటమయ్య తొడను కోరతో చీల్చింది. అతను ఎలాగో పాకి చేలో ఉన్న పెద్ద రాతిగుండు మీదికి ఎక్కాడు. పంది ఆ గుండు కిందే కాపు కాసింది.

రెడ్డి తన కుక్కల్ని వదిలాడు. అవి వెనకాడలేదు. కానీ వేసవంతా పరుగెత్తి అరిగిన కాళ్లు తడి దుక్కిలో రెండు చుట్లు తిరిగేసరికి మొరాయించాయి. ఒకటి కుంటుతూ గట్టెక్కింది. మిగతావి నాలుకలు వేలాడేసి కూలబడ్డాయి. గుండు మీద కాటమయ్యకు నెత్తురు కారుతూనే ఉంది.

మద్దిలేటి రెడ్డి చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చాడు. ఈసారి ఒక్క పొగడ్త కూడా లేదు.

"గాదిలింగా, కాటమయ్య సచ్చిపోతాడప్పా," అన్నాడంతే.

గాదిలింగప్ప భార్య వంక చూశాడు. "గంగిని కూడా తీసుకుపో. దానికేం భయం లేదిప్పుడు," అంది ఉరుకుందమ్మ, పాక తలుపు తీస్తూ.

చేను గట్టు మీద ఊరంతా చేరింది. గంగి ముక్కు ఎత్తింది. తోక నిలిపి ఒక్కసారి వెనక్కి చూసింది. ఆ చూపుకు నాలుగూ రెండు పక్కలకూ విడిపోయాయి. ఏదీ తొందరపడలేదు. పంది ఎటు దూకితే అటు ఒక కుక్క ఎదురు నిలిచింది. కోర విసిరినప్పుడల్లా వెనక్కి తప్పుకుని, మరుక్షణం మళ్లీ ముందుకొచ్చింది. అడుగు అడుగుగా పందిని గుండు దగ్గర్నుంచి కదిలించాయి. నలుగురు మనుషులు పరుగున వెళ్లి కాటమయ్యను దించుకొచ్చారు. అప్పుడు గంగి మొరిగింది. ఐదూ కలిసి పందిని చేను దాటించి, వంక దాటించి, కొండెక్కించాయి. చూసేవాళ్లకు మెడలు నొప్పిపుట్టాయి గానీ ఆ పరుగు సడలలేదు. కొండ శిఖరం దాటి కనబడకుండా పోయాయి.

ఎండెక్కాక ఐదూ తిరిగొచ్చాయి. బురద కొట్టుకుని, రొప్పుతూ, తోకలు ఆడిస్తూ. గట్టు మీద జనం దారి వదిలి నిలబడ్డారు. గాదిలింగప్ప వాళ్ల మాటలేవీ వినలేదు. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క కుక్క పాదం ఎత్తి చూశాడు. ఇరవై పాదాల్లో ఒక్కటీ పగల్లేదు. అప్పుడు అతనికి కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అంత గర్వం అతను ఎన్నడూ ఎరగడు.

కాటమయ్య గాయానికి కట్టు కట్టించి, బండి మీద వైద్యుడి దగ్గరికి పంపాక రెడ్డి నిట్టూర్చాడు. "నా కుక్కలు ఎందుకూ పనికిరానివి."

"వాటిని అనకండి," అన్నాడు గాదిలింగప్ప గట్టిగా. "అరిగిన కాళ్లతో కూడా పంది ముందుకు పోయినాయి. వాటిది మంచి జాతి. వాటికి కావలసింది రెండు నెలల నీడ. మా ఉరుకుందమ్మను అడగండి, ఎట్లా చూసుకోవాల్నో చెబుతాది."

ఊరి పెద్ద మద్దిలేటి రెడ్డి నలుగురి ముందూ గట్టు మీద ఉన్న ఉరుకుందమ్మ దగ్గరికి వెళ్లి, "చెప్పు తల్లీ," అన్నాడు. ఆమె ఆ నాలుగు కుక్కల కాళ్లూ తన ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటే చూపిస్తూ చెప్పింది. రెడ్డి కింద కూర్చుని విన్నాడు.

మరుసటి ఏడు నుంచి ఆ చుట్టుపక్కల ఏడు ఊళ్లలో ఉగాది వెళ్లాక వేటకుక్కల్ని ఎవరూ కొండకు తోలలేదు. తొలకరి దాకా అవి పొద్దున నడిచేవి, మడుగుల్లో ఈదేవి, నీడన నిద్రపోయేవి. వానలు పడ్డాక వాటిని చూసి పొరుగు తాలూకావాళ్లు కూడా మెచ్చుకునేవాళ్లు.

నీతి: మన కోసం కష్టపడే ప్రాణికి తగిన వేళలో తగిన విశ్రాంతి ఇవ్వాలి, నలుగురి మెప్పు కోసం అలసినదాన్ని పరుగెత్తించేవాడు పనినీ పోగొట్టుకుంటాడు, ఆ ప్రాణినీ పోగొట్టుకుంటాడు.