చూపు తప్పిన పరీక్ష

ఆచార్య ముక్తావళి దగ్గర చదువుకున్న వాళ్ళందరికీ ఒక సంగతి తెలుసు. ఆవిడను ప్రశ్న అడిగితే జవాబు వెంటనే రాదు. అడిగినవాణ్ణి ఏదో ఒక కుర్చీలో కూర్చోబెడతారు. విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో, తలకు దెబ్బ తగిలినవాళ్ళ ఆలోచనాశక్తిని పరీక్షించే విభాగానికి ఆవిడ పెద్ద. కిరీటి అక్కడ రెండో ఏడాది విద్యార్థి. ఆ సాయంత్రం అతను అడిగింది ప్రశ్నలా లేదు, నిలదీసినట్టుంది.

"మాట తడబడుతుంది, చెయ్యి వణుకుతుంది, కన్ను మాత్రం నిజం దాచలేదని మీరే కదా మేడమ్ చెప్పారు. మరి నా రిపోర్టు మీద సంతకం ఎందుకు పెట్టలేదు?"

ఆ రిపోర్టు అసిరయ్యది. గాజువాక వైపు ఒక వర్క్‌షాపులో పదిహేడేళ్ళుగా ఇనుము తిప్పి చెక్కే లేత్ మిషన్ మీద పనిచేసిన మనిషి. పుట్టు చెవుడు, మాట రాదు. నాలుగు నెలల కిందట ఇనుప కడ్డీ జారి తలకు తగిలింది. గాయమైతే మానింది గానీ, బుర్ర సరిగా ఉందని ఆసుపత్రి కాగితం తెస్తేనే మిషన్ దగ్గరికి రానిస్తానన్నాడు యజమాని. లేదంటే ఆవరణ ఊడ్చే పని ఉంది, అది చేసుకోమన్నాడు.

కాగితం కోసం భార్యతో వచ్చిన అసిరయ్యను కిరీటి కంటి యంత్రం ముందు కూర్చోబెట్టాడు. తెర మీద ఒక పక్క చుక్క వెలుగుతుంది. కన్ను దాని మీదికే పోవాలని లాగుతుంది. ఆ లాగుడును ఆపుకుని రెండో పక్కకు చూడాలి. మనిషి తనను తాను ఎంతవరకు పట్టుకోగలడో అక్కడ బయటపడుతుంది. తెర కిందున్న కెమెరా కనుపాప కదిలినదల్లా గీతలుగా గీసి పెడుతుంది. నలభై ఎనిమిది చుక్కల్లో అసిరయ్య ముప్పై మూడు తప్పాడు. పైగా గీతలన్నీ ఎడమ పక్కకే పోయాయి. ఆ ఎడమవాటం తానే కనిపెట్టానని కిరీటి తోటివాళ్ళకు చూపించుకున్నాడు కూడా. నిగ్రహశక్తి బాగా దెబ్బతిన్నదనీ, యంత్రాల మీద పనికి ఈ మనిషి తగడనీ రాసి పైకి పంపాడు.

ముక్తావళి అతని ప్రశ్న పూర్తిగా విన్నారు. మర్నాడు పదింటికి యంత్రం గదికి రమ్మని మాత్రం అన్నారు.

మర్నాడు కిరీటి వెళ్ళేసరికి అసిరయ్య, అతని భార్య పైడితల్లి అప్పటికే అక్కడున్నారు. తనను అడగకుండా వాళ్ళను మళ్ళీ పిలిపించడం అతనికి కష్టంగా తోచింది. ముక్తావళి అతన్ని రోగి కుర్చీలో కూర్చోమన్నారు. స్కానింగ్ గదిలో రొద వినపడకుండా రోగులకు పెట్టే చెవి మూతలు తెచ్చి, లోపల దూది కూడా కుక్కి, పెట్టబోతూ చెప్పారు.

"ఇవాళ పరీక్ష పెట్టేది అసిరయ్య గారు. చుక్క చుక్కకీ ఏం చెయ్యాలో ఆయన చేతులతో చెబుతారు. అలాగే చెయ్యి."

అసిరయ్య వచ్చి అతని ఎడమ పక్కన కూర్చున్నాడు. పరీక్ష తనకు కొట్టిన పిండే గనక కిరీటి ధీమాగానే మొదలుపెట్టాడు. అంతలో ఎడమ పక్కన చేతులు కదిలాయి. ఈసారి ఎదుటి పక్కకు చూడమంటున్నాడా, ఆగమంటున్నాడా? చూడకపోతే తెలియదు. చూసి తిరిగేలోగా చుక్క వచ్చి పోయింది. మళ్ళీ చేతులు, మళ్ళీ చుక్క. పదిహేను దాటేసరికి అతనికి చెమటలు పట్టాయి. ఇది అన్యాయమని పైకే అన్నాడు. తన మాట తనకే వినపడలేదు. అసిరయ్య మొహంలో వెక్కిరింత ఏమీ లేదు. ఒప్పుకున్న పని గనక శ్రద్ధగా చేస్తున్నాడు.

పరీక్ష అయిపోయింది. యంత్రం ముప్పై ఆరు తప్పులు చూపించింది. గీతలన్నీ ఎడమకే. ముక్తావళి చెవి మూతలు తీసి, అతను రాసిన రిపోర్టునే అందుకుని, అసిరయ్య పేరున్న చోట కిరీటి పేరు పెట్టి మొదటి నుంచి చివరిదాకా చదివారు. పక్కనున్న సహాయకురాలు మధ్యమధ్య చేతులాడించి పరీక్షకు అడ్డం వచ్చిందన్న వాక్యం దగ్గర ఆగి పైడితల్లి వైపు చూశారు.

పైడితల్లి కిరీటి వైపు తిరిగింది.

"ఆ రోజే సెప్పినాను బాబూ. ఆయనకి సెవులు నేవు, నా సేతులే సెవులు, సూడకపోతే ఏటి తెలుత్తాదని. సేతులు ఆడించకని నన్ను కసిరినారు. ఆడించడం మానేత్తే, ఏటైపోయిందోనని ఎడం పక్కనున్న నాకేసే సూసినాడు పాపం. దానికి ఆయనకి బుర్ర నేదని రాసేసినారు. కాగితం రానేదని వర్క్‌షాపులో ఆయన మిషన్ మీద ఇంకోల్ని పెట్టీసినారు."

కిరీటికి ఆ రోజు గుర్తొచ్చింది. నిజంగానే కసిరాడు. ఆవిడ చెప్పిన మాట చెవినపడింది. రాసుకోవలసిన మాటని అనిపించలేదు. ఇప్పుడు క్షమించమని అందామనుకుని, అసిరయ్యకు అది ఎలా చెప్పాలో తెలియక పైడితల్లి చేతుల వైపు చూశాడు.

ఆ మధ్యాహ్నం మళ్ళీ పరీక్ష పెట్టింది కిరీటే. చెప్పవలసినదంతా పైడితల్లి చేత ముందే చెప్పించాడు. అసిరయ్య తనకు అర్థమైందని చూపించేదాకా అభ్యాసం చేయించాడు. ఆమెను పక్కన కాకుండా తెర వెనకాల అతనికి ఎదురుగా నిలబెట్టి, చుక్కలు మొదలయ్యాక ఎవరూ చెయ్యి కదపకుండా చూశాడు. నలభై ఎనిమిదింటిలో నలభై ఒకటి సరిగా వచ్చాయి. నియమం మధ్యలో మారే ఇంకో పరీక్షలో మాత్రం అసిరయ్య కాస్త నిదానించాడు. కిరీటి అదీ దాచలేదు. మొదటి పదిహేను రోజులు పక్కన ఒక మనిషిని ఉంచి మిషన్ పని ఇవ్వవచ్చని రాశాడు. ముక్తావళి రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. వర్క్‌షాపు యజమానికి తానే ఫోన్ చేసి, సోమవారం అసిరయ్య వస్తాడని, మిషన్ ఖాళీ చేయించి ఉంచమని గట్టిగా చెప్పారు.

దంపతులు కాగితం తీసుకుని వెళ్ళాక కిరీటి బల్ల మీదున్న పాత రిపోర్టు తీసి చింపబోయాడు.

"చింపకు," అన్నారు ముక్తావళి. "అందులో రాసింది నిజమే. పైన పేరు ఒక్కటి మార్చి ఫైల్లో పెట్టు."