తలుపు ముందు భోజనం

ఇనుప పలకలు కాల్చి అతికించి చేసిన కోట తలుపు ఒకనాడు తనంతట తానే పగిలి, కాపలా ఉన్న సింగన్న మీద పడింది. సింగన్న చనిపోయాడు. కోటాధికారి రుద్రనాయకుడు కొత్త తలుపు చేయించి, "అతుకులో ఏ లోపమూ లేదు ప్రభూ" అన్నాడు.

"పగలగొట్టకుండా లోపలి సంగతి ఎలా తెలుస్తుంది?" అన్నాడు రాజు.

సింగన్న భార్య పోలమ్మ ముందుకొచ్చింది. "అయ్యగారిని రోజూ ఈ తలుపు ముందే కూర్చుని భోంచేయమనండి ప్రభూ."

రుద్రనాయకుడు తలుపు దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. "అతుకు గబుక్కున చల్లారితే లోపల బిగువు నిలిచిపోతుంది ప్రభూ. ఆ బిగువుకే ఎప్పుడో పగులుతుంది. మళ్లీ కాల్చి మెల్లగా చల్లార్చాలి. దీనికి అలా చేయించలేదు" అని నసిగాడు.

అందరూ పోలమ్మ తెలివిని మెచ్చుకున్నారు. రాజు తన కంకణం తీసి ఇవ్వబోయాడు. ఆమె చెయ్యి చాపలేదు.

"నా మొగుణ్ణి అక్కడ నిలబెట్టినప్పుడు కూడా మీకీ సంగతి తెలుసా, అయ్యా?" అని రుద్రనాయకుణ్ణి అడిగింది.