జంబయ్య దాచిన తీపి

అనగనగా ఒక అడవిలో, తెల్లారేసరికి ఇప్పపూలు నేలంతా పరుచుకునే కాలంలో, జంబయ్య అనే ముసలి ఎలుగుబంటి ఉండేవాడు. ఆ రోజులే వేరు పిల్లలూ! సారగింజల్ని పంటితో టక్కున కొరికి, లోపలి సారపప్పు తీసి పిల్లలకు పెట్టేవాడు. కుందేలు పిల్లలూ పిచ్చుక పిల్లలూ "తాతా, ముందు నాకు!" అని మీద పడేవి. రాలిన పొడి చీమలది.

తాను మాత్రం తియ్యటి ఇప్పపూలు, తేనె తినేవాడు. ఎంత తిన్నా ఆకలే. ఎంత తాగినా దాహమే.

ఒకనాడు చీమలు మెల్లగా అన్నాయి: "తాతా, నువ్వు ఒంటేలుకు వెళ్ళిన చోట నేల తియ్యగా ఉంటోంది. అది మంచిది కాదేమో."

"ఛీ ఛీ! ఈ మాట బయట అన్నారంటే మీ పుట్ట తవ్వేస్తా!" అన్నాడు జంబయ్య సిగ్గుతో.

కొన్నాళ్ళకు చిగురు వాచింది, పన్ను పుచ్చింది. పళ్ళ వైద్యం చేసే వడ్రంగిపిట్ట పొన్నమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"అన్నా, దాహం ఎక్కువా? మాటిమాటికీ ఒంటేలుకు వెళ్తున్నావా?"

"అబ్బే! నువ్వు పన్ను చూడు తల్లీ, పొదలు చూడకు."

పన్ను పీకింది. గాయం మానలేదు. పక్క పన్ను కదిలింది. మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ అదే అబద్ధం. అదీ పోయింది. పిల్లలు గింజలు తెచ్చి, వాచిన మూతి చూసి, తిరిగి పట్టుకుపోయేవి.

మూడో పన్ను కదిలింది. జంబయ్య మళ్ళీ "అబ్బే" అనేలోగా చీమలు బారుగా వచ్చాయి.

"అమ్మా, తాత చెప్పడు. మేం చెబుతాం" అని ఉన్నదంతా చెప్పేశాయి.

"అయ్యో, ఇది మధుమేహం అన్నా!" అంది పొన్నమ్మ. "నెత్తుట్లో తీపి పెరిగితే నోరెండుతుంది, చిగుళ్ళు చెడతాయి, గాయం మానదు. చిగుళ్ళలో చీముంటే ఆ తీపి ఇంకా పెరుగుతుంది. ఒక్కదానికే మందేస్తే ఎలా?"

ఎంత వింతో చూడండి, ఎక్కడి నెత్తురు, ఎక్కడి పన్ను!

జంబయ్య తల దించుకున్నాడు. "నా జబ్బు మీకు పండగే కదర్రా! ఎందుకు చెప్పారు?"

"తీపి ఎక్కడైనా దొరుకుతుంది. తాత దొరకడు" అన్నాయి చీమలు.

జంబయ్య చేదు మందు తాగాడు. ఇప్పపూలు, తేనె తగ్గించాడు. రోజూ కొండ చుట్టూ నడిచాడు, పళ్ళు తోముకున్నాడు. గాయం మానింది. మూడో పన్ను నిలిచింది. పోయిన రెండూ మాత్రం తిరిగి రాలేదు. గింజలు ఒక్క పక్కనే కొరకాలి కాబట్టి ఆలస్యమయ్యేది. పిల్లలు తోసుకోకుండా వరసగా కూర్చునేవి.

నీతి: సిగ్గుపడి వైద్యుడి దగ్గర జబ్బు దాచకూడదు, ఒంట్లో దాచింది నోట్లో బయటపడుతుంది.