నూకాలు వంకర వేలు

కొండవాలులో ఒక జీడితోట. తోట చుట్టూ ముళ్ళకంచె, మధ్యలో పశువులపాక. ఆ పాకలో సింహాద్రి అనే ముసలి ఎద్దు, నూకాలు అనే కోడిపెట్ట, నోరు మూతపడని ఒక గిన్నికోడి కలిసి ఉండేవి.

నూకాలు గుడ్డులోంచి వచ్చినప్పుడే ఎడమకాలి చివరి వేలు పక్కవేలి మీదికి ఎక్కి ఉంది. పిల్లగా ఉన్నప్పుడు దాని సంగతే తెలీదు. పరిగెత్తింది, ఎగిరింది, అందరితోపాటు చెదలు ఏరుకుని తింది. పెద్దయ్యి ఒళ్ళు బరువెక్కాక మాత్రం పొద్దల్లా నేల గీకితే సాయంత్రానికి కింది వేలు ఒరుసుకుపోయి మండేది. దూలం మీద పట్టు చిక్కేది కాదు.

"ఏంటొదినా ఆ నడక! బురదలో నీ అడుగులు చూస్తే ఎవరో తాగి నడిచారనుకుంటారు," అంది గిన్నికోడి ఒకరోజు.

నూకాలు నవ్వేసింది. కానీ ఆరోజు నుంచి ఎవరైనా ఎదురుగా వస్తే ఎడమకాలు ఈకల్లోకి లాక్కుని ఒంటికాలి మీద నిలబడేది.

సింహాద్రి అది గమనించాడు. "పిల్లా, ఆ కాలు ఒకసారి కొంగత్తకి చూపించు. నా గిట్టలో విరిగిన ముల్లు తీసింది ఆవిడే."

కొంగత్త రోజూ ఎద్దు వీపుమీద పిడుదులు ఏరడానికి వచ్చేది. నూకాలుని పడుకోబెట్టి, కాలు తిప్పి, వేళ్ళ సందుల్లోకి ముక్కు పెట్టి చాలాసేపు చూసింది.

"ఎక్కడ నొప్పి?"

"కింది వేలు అత్తా. పై వేలు ఏమీ అనదు."

"ఎప్పుడు?"

"సాయంత్రం. గట్టినేల గీకిన రోజు మరీను."

"పిల్లప్పుడు చూపించి ఉంటే మెత్తటి ఎముక, కడితే నిలబడేది. ఇప్పుడు బూరుగు దూది మధ్యలో పెట్టి అరటినారతో కడతాను. ఒరుపు తగ్గుతుంది. వేలు మాత్రం పూర్తిగా నిటారు కాదు. వానలు పడేదాకా నేల గీకకూడదు, దూలం ఎక్కకూడదు. తిండి ఎవరో ఒకరు తెచ్చిపెట్టాలి."

"కట్టించుకోకపోతే?"

"మెత్తటి నేల చూసుకుని మెల్లగా బతకొచ్చు. అదీ తప్పు కాదు. నీ కాలు, నీ నొప్పి. ఆలోచించుకో."

నూకాలు మొహం వాడిపోయింది. నిటారు అవుతుందన్న మాట వినాలని వచ్చింది అది.

ఈ మాటలు సగం సగం కంచె అవతల పొదలో పడుకున్న నక్క చెవిన పడ్డాయి. మర్నాడు మధ్యాహ్నం సింహాద్రి పాక నీడలో కునుకుతీస్తుంటే, నక్క కంచె దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"నూకాలూ, ఆ కొంగకేం తెలుసమ్మా? మా వంశమంతా ఎముకల వైద్యులం. ఒక్క లాగు లాగితే వేలు నిటారు. రేపటికల్లా నెమలిలా నడుస్తావు."

నూకాలు కంచె వైపు జరిగింది. "నిజంగానా మావా? నొప్పి ఉండదా?"

"అసలు తెలీదు. కాకపోతే కొండమీద నా గుహకి రావాలి. మూలిక అక్కడుంది. ఎవరికీ చెప్పకు, చెబితే మందు పనిచెయ్యదు."

నూకాలు కంచె కింద కంతదాకా నడిచింది. తల బయట పెట్టబోయి ఆగింది. కొంగత్త తన కాలు తిప్పితిప్పి చూసింది. ఈ వైద్యుడి చూపు మాత్రం ఇందాకటి నుంచీ తన ఛాతీ దాటి కిందికి దిగలేదు.

రెండు కాళ్ళూ ఈకల కింద దాచుకుని మెల్లగా కూర్చుంది.

"మావా, ఇంతకీ ఏ కాలంటావు?"

నక్క తడబడింది. "కుడి... కుడికాలే కదమ్మా!"

"ఏ వేలు?"

"అదే... వెనక వేలు."

రెండూ తప్పే. అయినా నూకాలు తలూపింది. "సరిగ్గా చెప్పావు మావా. ఎంత వాచిందో ఒక్కసారి చూసి చెబుదూ. కంతలోంచి తల పెట్టు, కనిపిస్తుంది."

నక్క ఆత్రంగా తల దూర్చింది. నూకాలు రెండడుగులు వెనక్కి జరిగింది. "కనబడ్డం లేదా? ఇంకాస్త లోపలికి."

నక్క మెడదాకా దూరింది. ముళ్ళు నాలుగువైపులా దిగాయి. ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు.

"తాతా!" అని కేకపెట్టింది నూకాలు.

సింహాద్రి లేచాడు. ఎప్పటిలాగే తాపీగా వచ్చి కొమ్ములు వంచాడు. ఆ కొమ్ములు చూసి నక్క ఒక్క గుంజు గుంజింది. చెవి చీరుకుని, మెడ బొచ్చంతా కంచెకి వదిలి కొండెక్కింది.

నూకాలు సింహాద్రి కాళ్ళ దగ్గరికి చేరింది. "వెళ్ళిపోయేదాన్నే తాతా. అంత తెలివితక్కువదాన్నా నేను?"

"బాధ ఉన్నవాళ్ళకి ఆశ ఉండదా పిల్లా?" అన్నాడు సింహాద్రి. "ఇంతకీ ఏమనుకుంటున్నావు?"

నూకాలు ఎడమకాలు బయటపెట్టి, ఎవరో కొత్తవాళ్ళ కాలు చూస్తున్నట్టు చూసుకుంది. "గిన్నికోడి మాటలకైతే అక్కర్లేదు. కానీ సాయంత్రమయ్యేసరికి మండుతోంది తాతా. అది పోతే చాలు. కట్టించుకుంటాను."

కొంగత్త కట్టు కట్టింది. గిన్నికోడి సణుక్కుంటూనే రోజూ నూకలు, చెదలు తెచ్చి పెట్టింది. కూర్చుని కూర్చుని విసుగెత్తి నూకాలు ఏడ్చిన రోజులున్నాయి. కట్టు పీకెయ్యబోతే సింహాద్రి కసిరిన రోజులూ ఉన్నాయి.

తొలకరి పడ్డాక కట్టు విప్పారు. వేలు కొంచెం పక్కకి జరిగింది, వంకర మాత్రం ఉంది. నూకాలు ఆరోజు పొద్దల్లా తడినేల గీకింది. సాయంత్రం ఎగిరి దూలం పట్టుకుంది. కాలు దాచుకోలేదు, మంటా లేదు. పక్కన గిన్నికోడి ఏదో చెబుతుండగానే నిద్రపోయింది.

నొప్పి ఎక్కడో అడగకుండానే నయం చేస్తానని వచ్చినవాడిని, నీకేం కావాలని మనమే ముందు అడగాలి.