మంత్రిగారు మిగిల్చిన ఎండ

వేసవిలో పొద్దుటి వెలుగంతా జనం నిద్రకే పోతోందని, మంత్రి కోటలో వేళలు చెప్పే నగారాను గంట ముందే కొట్టించడం మొదలెట్టాడు. ఊరికి రోజూ గంట ఎండ మిగిల్చానని రాజుగారి దగ్గర ఒకటే గొప్పలు. చాకలి నూకాలుకు మాత్రం చీకట్లో లేచి, చీకట్లోనే బట్టలు ఉతకాల్సొచ్చింది.

ఆవేళ పొద్దుటి కొలువుకు రాజుగారి పంచె నీళ్లోడుతూ వచ్చింది.

"ఆరకుండానే తెచ్చావేం?" అన్నారు రాజుగారు.

"కొలువు నగారా మోగింది, తెచ్చేశాను. సూర్యుడే ఇంకా పాత వేళకు వస్తున్నాడు, ఏలినవారూ. మంత్రిగారు మిగిల్చిన ఎండ ఎక్కడ దాచారో చెబితే, కాసేపు అందులో ఆరేసి తెస్తాను."

రాజుగారు మంత్రి వైపు చూశారు. మంత్రి కిటికీలోంచి ఆకాశం వైపు చూశాడు.

ఆ పూట రాజుగారు తడిపంచెతోనే కొలువు తీరారు. మర్నాడు నగారా సూర్యుడి కోసం ఆగింది. నూకాలు హాయిగా తెల్లారాకే లేచింది.