పాడరాదమ్మకు దీర్ఘం దిద్దిన కథ

తూర్పు కనుమల ఉత్తరపు కొసన, బస్సు దిగి మూడు గంటలు నడిస్తేగాని అందనిది పాడరాదమ్మ కొండ. ఏటా వైశాఖంలో మూడు రోజులు ఏడు గూడేలవారు ఇక్కడ పాటల జాతర చేస్తారు. ధర్మకర్తల మండలి లేదు, పిలిపించిన గాయకులు లేరు. మైకుసెట్టును కావడిలో మోసుకొచ్చేవారే డప్పు వాయిస్తారు, గంజి కాచేవారే పాడతారు. ఊరికే కూర్చుని వింటామనే భక్తుల చేతికి నీళ్ల బిందె ఇస్తారు. నొచ్చుకోవద్దని మనవి.

పూర్వం ఇక్కడ జాతరలో మొదటి పాట ఎత్తేది తవిటమ్మ అనే మేకల కాపరి. ఆమెకు ముందు ఆమె తల్లి, అమ్మమ్మ ఎత్తారు. రాసిపెట్టుకున్న పాట కాదు. ఒక్క ఏడు మానితే చరణాలు మరుపున పడతాయి, పిల్లలకు అందవు. మైదానపు ఎండకు తాళలేని జమీందారు ఒకరు ఓ ఏడు వేసవికి కొండమీద విడిది కట్టించుకున్నారు. పాటలకు ఆయనగారి పగటినిద్ర చెడింది. పాడినవారిని గుడిసె పీకించి కొండ దింపేస్తామని ఆజ్ఞ చేశారు.

చాటింపు వేయడానికి సన్యాసి అనే అతను వచ్చాడు. కేక కొండనుంచి కొండకు వినబడాలంటే చివరి అక్షరం సాగదీయాలి, అది ఆ పనిలో అలవాటు. "దొరగారి మాట! ఈ వేసవంతా కొండమీద పాడరాదూ..." అని కేకవేశాడు. గూడేలన్నీ భయంతో తలుపులు వేసుకున్నాయి. తవిటమ్మకు మాత్రం ముందు ఒళ్లు మండింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. పేరంటాళ్లను ఒక పాట పాడమని బతిమాలేది కూడా ఆ మాటతోనే కదా!

"గొంతు సించుకుని అంతలా అడుగుతంటే కాదంటామేటి బాబూ? పాడతాం!" అని ఆమె అందుకుంది. ఒక్కొక్క తలుపే తెరుచుకుంది.

జమీందారు మండిపడి మాటను కురచగా కేకవేయమన్నారు. సన్యాసి అలాగే వేశాడు. ఎదుటి కొండవారు "ఏటీ? ఇనబడ్నేదు!" అని అరిచారు. మళ్లీ సాగదీయక తప్పలేదు, మళ్లీ పాట లేచింది. ఇక గొంతును నమ్మి లాభం లేదని ఆయన ఒక బండరాతిమీద "పాడరాదు" అని చెక్కించి, పక్కన బంట్లను నిలబెట్టారు.

తవిటమ్మకు అక్షరం ముక్క రాదు. బంట్ల ఎదుటే రాతి దగ్గరకు వెళ్లి సన్యాసిని అడిగింది. "నీ గొంతుల సాగిన ముక్క ఈ రాతిమీద ఏదిరా తమ్ముడూ?"

"సెక్కనేదప్పా. ఈ కొమ్ము పక్కన ఉండాల" అని అతను వేలు చూపించాడు.

ఆమె పసుపు కలిపి, బొటనవేలితో ఆ కొమ్ముకు దీర్ఘం గీసింది. "పాడరాదూ" అయింది. బంట్లు చూస్తుండగానే పాట ఎత్తింది. ఏడు గూడేలూ గొంతు కలిపాయి. ఎన్ని గుడిసెలని పీకిస్తారు? మర్నాడు జమీందారే కొండ దిగారు. పల్లకి మోసే బోయీలు కూడా పాటలోనే ఉన్నారు గనుక, కాలినడకన దిగారు.

ఆ రాయే నేడు పూజలందుకుంటున్న పాడరాదమ్మ. ఇతర క్షేత్రాలలోవలె అమ్మవారు కలలో కనిపించి ఆనతివ్వలేదు. తవిటమ్మే రాతిని అమ్మవారిని చేసింది. అలా చెప్పుకోవడానికి మాకు సిగ్గు లేదు. ప్రతి వానాకాలం పసుపు కొట్టుకుపోయి పాత ఆజ్ఞ బయటపడుతుంది. ప్రతి వైశాఖం మొదటి పాట ఎత్తే ఆడపడుచు మళ్లీ దీర్ఘం దిద్దుతుంది. నోరు మూసుకోమని అనిపించుకున్నవారు ఆ పసుపును గొంతుకు రాసుకుంటే గొంతు విచ్చుకుంటుందని నమ్మకం.

దీర్ఘాన్ని రాతిలో శాశ్వతంగా చెక్కిస్తామని వచ్చే దాతలకు మజ్జిగ ఇచ్చి వెనక్కి పంపుతున్నాము. దిద్దడానికి మాకు వేళ్లున్నాయి.